గట్టు మీద ఎర్ర తువ్వాలు

తాడేపల్లిగూడెం స్టేషన్ నుంచి మా కాలేజీకి వెళ్ళే దారిలో ఒక రైస్ మిల్లు ఉంది. ఎండ రోజుల్లో దాని ముందునుంచి వెళ్తే ఏమీ అనిపించదు. కళ్ళలో కాస్త దుమ్ము పడుతుంది, అంతే. వాన కురిసి వెలిసిన ఉదయం మాత్రం గోడ పక్కన పోగుపడ్డ తవుడు తడిసి, తియ్యగా, కొంచెం పులిసినట్టుగా ఒక వాసన లేస్తుంది. కొల్లేరు చెరువుల గట్ల మీద చేపలకి మేత కలిపేటప్పుడు వచ్చే వాసన అదే. అది తగలగానే నా గొంతు ఎండిపోతుంది. ఆటోలో పక్కన కూర్చున్న విద్యార్థులు "ఏమైంది మేడం?" అంటారు. ఏమీ లేదని బాటిల్ తీసి నీళ్ళు తాగుతాను. తమంతట తాము తిరిగే రోబోలకి సాఫ్ట్‌వేర్ ఎలా కట్టాలో నేను వాళ్ళకి చెబుతాను. నాకు చెప్పినావిడ సుభద్ర మేడం. ఈ పిల్లలెవరూ ఆవిడని చూడలేదు. ఆవిడ గురించి రాయాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. రాస్తే నా తప్పు కూడా రాయాలి, అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

మేడంది కామవరపుకోట దగ్గర మెట్ట ఊరు. ఏలూరులో ఉంటూ రోజూ పాసింజర్‌లో తాడేపల్లిగూడెం వచ్చి పాఠం చెప్పి వెళ్ళేవారు. సన్నటి మనిషి. నేత చీర, భుజాన ఒక గుడ్డ సంచి. ఆ సంచిలో పెరుగన్నం డబ్బా పక్కనే స్క్రూడ్రైవర్లు, వైరు ముక్కలు ఉండేవి. ఒకసారి ఆవకాయ నూనె సర్క్యూట్ బోర్డు మీద కారితే, "పోనీలే, దీనికీ రుచి తెలిసింది" అని పైట కొంగుతో తుడిచారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. అడిగిన అటెండరమ్మతో "తీరిక లేకపోయిందమ్మా" అన్నారట.

నాది దెందులూరు దగ్గర పల్లె. నేను రైలెక్కేసరికి మేడం తన పక్క సీట్లో సంచి పెట్టి నాకు చోటు ఆపేవారు. ఫైనలియర్లో నేను చేసిన చక్రాల బండిని మొదటిసారి ఆ రైల్లోనే ఆవిడకి చూపించాను. గదిలో వదిలితే గోడలకి తగలకుండా తిరుగుతుంది. మూడు వేల లైన్ల ప్రోగ్రాం, అంతా ఒకే ఫైల్లో. ఎంత గొప్పగా చూపించానంటే, ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆవిడ ల్యాప్‌టాప్ వంక చూడనైనా చూడలేదు.

"మీ నాన్నగారేం చేస్తారమ్మా?"

"వ్యవసాయమండి."

"చేలో నీళ్ళు పెట్టడానికి వెళ్తుంటే కాళ్ళ దగ్గర పాము కనపడిందనుకో. ఏం చేస్తారు?"

"వెనక్కి దూకుతారండి."

"ఆలోచించి దూకుతారా?"

"లేదండి. దూకాక ఆలోచిస్తారు."

"దూకాక, ఏ మడికి నీళ్ళు పెట్టాలో మర్చిపోతారా?"

"మర్చిపోరండి."

"మరి నువ్వు పాముని, నీళ్ళని, మడిని ఒకే కుండలో వేసి కలిపేశావేం?"

పూళ్ళ స్టేషన్ దాటేలోపు ఆవిడ నా నోటుపుస్తకం వెనక పేజీలో మూడు అరలు గీశారు. కింది అర దూకడానికి. అది ఎవరినీ అడగదు, అడ్డం వస్తే ఆగిపోతుంది. మధ్య అర నడవడానికి, గోడ పక్కనే పోవడానికి, వచ్చిన దారిన తిరిగి రావడానికి. పై అర ఇవాళ ఎక్కడికి, ఎందుకు వెళ్ళాలో అనుకోవడానికి. ఏ అరా ఇంకో అర లోపలికి తొంగిచూడకూడదు, కావలసింది చీటీ రాసి పంపాలి. చీటీలో విషయంతోపాటు "ఇది నాకెంత గట్టిగా తెలుసు" అన్నది కూడా రాయాలి. "నీకు తెలుసా, తెలుసనుకుంటున్నావా, ఈ రెంటికీ తేడా చెప్పలేని యంత్రాన్ని జనం మధ్య వదలకూడదు" అన్నారు. తరవాత చాలా పుస్తకాలు చదివాను. ఆ వెనక పేజీ దాటి కొత్తగా నేర్చుకున్నది తక్కువే.

ఏలూరులో ఒక సైకిలు షాపు మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుని మేడం వర్క్‌షాప్ పెట్టారు. సెలవు రోజుల్లో నేనూ ఇంకో ముగ్గురూ అక్కడే ఉండేవాళ్ళం. కొత్త డిజైన్ ఏదైనా కంప్యూటర్లోకి ఎక్కించేముందు మాతో ఆడించి చూసేవారు. ఒకరికి కళ్ళకి గంతలు కట్టి చక్రాలన్నారు. ఒకరు కళ్ళు, ఒకరు బుర్ర, ఒకరు దారి పటం. మాటల్లేవు, చీటీలే. చక్రాలకి మాత్రం భుజం తట్టి చెప్పాలి. నేను చక్రాలు. కళ్ళు పంపిన చీటీ బుర్ర చదివేసరికి నేను వెళ్ళి అన్నం కుక్కర్ మీద పడ్డాను. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వి, "చూశావా పద్మా, కబురు ఆలస్యమైతే ఎవరి తప్పూ లేకుండానే దెబ్బ తగులుతుంది. అందుకే దూకడం కిందే ఉండాలి, పైవాళ్ళని అడగకూడదు" అన్నారు. మోచెయ్యి కాలిన మచ్చ ఇంకా ఉంది.

నేను పీజీలో చేరిన ఏడాది కొల్లేటి లంకలో చేపల చెరువులున్న ఒక ఆసామి మేడం దగ్గరికొచ్చారు. మనిషి లేకుండా చెరువంతా తిరిగి మేత వేసే చిన్న పడవ కావాలన్నారు. చెరువులో వెదురు గడలు పాతి ఉంటాయి. పడవ ఒక్కొక్క గడ దగ్గరా ఆగి కొలత ప్రకారం మేత వదిలి రావాలి. అప్పటిదాకా ఆ పని దోనె మీద పెద్దిరాజు అనే ఆయన చేసేవాడు. నలభై దాటిన మనిషి, తల మీద ఎప్పుడూ ఎర్ర తువ్వాలు చుట్టుకునేవాడు. "నన్ను తప్పించడానికొచ్చేరాండీ?" అని మొదటిరోజే అడిగేశాడు. "కాదు పెద్దిరాజూ, నీకింకో చెయ్యి ఇద్దామని" అన్నారు మేడం. ఆయన నమ్మినట్టు కనపడలేదు.

ఒక వారం ఆయన దోనెలో తిరగమని నన్ను పంపారు. ఆయన చేసేదంతా రాసుకొచ్చి చూపించాను. మేడం నాలుగు పేజీలు తిప్పి పక్కన పెట్టారు.

"ఇదంతా ఏం చేస్తాడన్నది. ఎప్పుడు చెయ్యనంటాడో అది రాసుకురా."

మళ్ళీ వెళ్ళాను. నిన్నటి మేత మిగిలి ఉంటే పెద్దిరాజు ఇవాళ తగ్గిస్తాడు. గడ చుట్టూ చేప కదలిక లేకపోతే చేత్తో నీళ్ళు తీసి వాసన చూస్తాడు. మబ్బు పట్టి గాలి ఆడని రోజైతే మేత సంచి అసలు దోనెలోకే ఎక్కించడు. ఎందుకని అడిగితే, "ఊపిరాడనోడికి అన్నం పెడతామాండీ? తిననిది అడుక్కెళ్ళి కుళ్ళుతాది. ఉన్న గాలి కూడా అదే తాగేత్తాది. తెల్లారేసరికి బొచ్చె చేపలన్నీ తేలిపోతాయండి" అన్నాడు.

అది విన్న రోజు మేడం మూడు అరల పైన ఇంకో గడి గీశారు. దానికి "గట్టు" అని పేరు పెట్టారు. గట్టు మీద మనిషి వద్దంటే పడవ బుర్ర ఎంత బాగా లెక్కవేసినా ఆగిపోవాలి. వద్దని ఎలా చెప్పాలి? తడి చేతుల్తో ఫోన్ పట్టలేనన్నాడు పెద్దిరాజు. తల మీద తువ్వాలు తీసి, "ఇది గడకి కడతానండి. మీ పడవకి కళ్ళున్నాయంటున్నారుగా" అన్నాడు. అలా కుదిరింది. పడవ ప్రతి గడ దగ్గరా గట్టు వైపు చూస్తుంది, ఎర్ర తువ్వాలు ఎత్తి ఉంటే మేత ఆపి వెనక్కి వచ్చేస్తుంది. తువ్వాలు చూసే ప్రోగ్రాం రాయడం నా వంతు. అది మొదటిసారి పనిచేసినరోజు పెద్దిరాజు పదిసార్లు తువ్వాలు ఎత్తి, దించి, పడవని తిప్పి తిప్పి చూశాడు. "మా ఇంట్లో కూడా ఇంత మాట వినరండి" అని మురిసిపోయాడు. ఆ రోజునుంచి పడవ ఆయనది.

పడవని చూడ్డానికి ఆసామి చుట్టుపక్కల చెరువులవాళ్ళని పిలిచారు. మేడంకి కాలేజీలో పరీక్షల డ్యూటీ పడింది. నేనొక్కదాన్నే వెళ్ళాను. అవి అమ్మవారి జాతర రోజులు. గట్టు పొడుగునా ఎర్ర చీరలు ఆరేసి ఉన్నాయి. పడవ రెండు గడలు వెళ్ళడం, చీర చూడడం, వెనక్కి వచ్చెయ్యడం. మూడుసార్లు అలాగే అయింది. "ఆడోళ్ళ చీర చూసి సిగ్గుపడతందండి" అన్నాడెవరో. అందరూ నవ్వుతుంటే నా తల కొట్టేసినట్టైంది. ల్యాప్‌టాప్ తెరిచి తువ్వాలు చూడడాన్ని ఆపేశాను. ఒక్క లైను. పడవ చెరువంతా చక్కగా తిరిగి వచ్చింది, చప్పట్లు కొట్టారు. సాయంత్రం మేడం ఫోన్ చేశారు.

"చీరల గొడవైందటగా. సరిచేశావా?"

"చేశానండి" అన్నాను.

చెయ్యలేదు. చేద్దామనే అనుకున్నాను. చీరకీ తువ్వాలుకీ తేడా కనిపెట్టడం రెండు రోజుల పని. మర్నాడు తణుకులో మా పిన్ని కూతురి పెళ్ళి. వచ్చాక చేద్దాంలే అనుకున్నాను. అబద్ధమాడుతున్నానని కూడా అనిపించలేదు నాకు, కాస్త ముందుగా చెబుతున్నాననుకున్నాను.

పెళ్ళినాటికే ముసురు పట్టింది. గాలి స్తంభించింది. పెద్దిరాజు పొద్దున్నే తువ్వాలు ఎత్తికట్టాడు. ఆసామికి అవతల ఇంకో చెరువుంది, దానికి పడవ లేదు. అక్కడ చేపలు అప్పటికే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇక్కడ తువ్వాలు ఎత్తాను కదా, పడవ ఆగుతుందిలే అన్న ధైర్యంతో ఆయన అక్కడికి పోయి ఇంజను పెట్టి చెరువులోకి కొత్త నీళ్ళు తోడుతూ రెండు రోజులు ఉండిపోయాడు. ఆ రెండు రోజులూ మా పడవ ముందే నింపి ఉంచిన మేతతో వేళకి తనంతట తానే బయల్దేరి, ఒక్క గడ కూడా వదలకుండా, కొలత తప్పకుండా మేత వేసింది.

కబురు వచ్చి మేడం, నేను వెళ్ళేసరికి చెరువంతా తెల్లటి పొట్టలు. గూడబాతులు కూడా దిగకుండా దూరంగా కూర్చున్నాయి. ఆసామి పెద్దిరాజు మీద కేకలేస్తున్నారు.

"తువ్వాలు ఎత్తలేదు నువ్వు. ఇప్పుడు యంత్రం మీదకి తోస్తున్నావు!"

"ఎత్తేనండి. అమ్మవారి మీద ఒట్టండి. రెండ్రోజులూ ఎత్తే ఉందండి. అదుగో, ఇప్పటికీ ఉంది చూడండి!"

వానకి తడిసి గడని అంటుకుపోయి ఉంది తువ్వాలు. ఏడుస్తున్నాడు. ఆయన మాట అబద్ధమని పదిమంది ముందు అంటుంటే ఆ ఏడుపు.

మేడం పడవలోంచి రికార్డు తీసి ల్యాప్‌టాప్‌లో తెరిచారు. పడవ చేసిన ప్రతి పనీ అందులో రాసి ఉంటుంది. రోబో తన పనులు తానే రాసుకోవాలని మాకు నేర్పింది ఆవిడే. తువ్వాలు చూడడం ఎవరు ఆపారో, ఏ రోజు ఆపారో నా పేరుతో సహా అందులో ఉంది. ఆవిడ చదివారు. తలెత్తి నా వైపు చూశారు. కోపం లేదు. ఊరికే చూస్తూ ఉన్నారు. నేను నా చెప్పులకంటిన బురద చూసుకుంటూ నిలబడ్డాను. నోరు తెరవాలని ఎంత ఉందో, అంత భయం ఉంది. పీజీ పోతుంది, నాన్నకి తెలుస్తుంది, ఊళ్ళో తెలుస్తుంది.

మేడం ల్యాప్‌టాప్ మూసేశారు.

"పెద్దిరాజు ఎత్తాడండి. తువ్వాలు చూడ్డం నేనే ఆపేశాను, మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. తప్పు నాది" అన్నారు.

ఆసామి అన్న మాటలు ఇక్కడ రాయను. పెద్దిరాజు మేడం వైపు ఒక్క చూపు చూసి, గడ మీద తువ్వాలు విప్పి, పిండి, వెళ్ళిపోయాడు. ఏలూరు తిరిగొచ్చే బస్సులో మేం పక్కపక్కనే కూర్చున్నాం. పెదపాడు దాకా ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. తరవాత, నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

"నువ్వు చెప్తావేమోనని కాసేపు ఆగాను పద్మా."

అంతే. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. తిట్టి ఉంటే ఏడ్చేసి తేలికపడేదాన్నేమో. వర్క్‌షాప్ మూతపడింది. పడవని ఒక షెడ్డులో తిరగేసి పెట్టారని విన్నాను. నా చదువు సజావుగా పూర్తయింది. ఆవిడ రిటైరయ్యే ముందు నా పేరు చెప్పి కాలేజీలో తన పాఠాలు చెప్పే ఉద్యోగం నాకే ఇప్పించారు. నేను కాళ్ళకి దణ్ణం పెడితే, "గట్టు గడి మాత్రం మర్చిపోకుండా చెప్పు" అన్నారు. నేను మెల్లగా ఆవిడ ఇంటికి వెళ్ళడం తగ్గించాను. పనెక్కువైందని చెప్పేదాన్ని. మొహం చెల్లక అన్నది నిజం.

జబ్బు ముదిరేదాకా ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఏలూరు ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచంలో చెయ్యంత మనిషయ్యారు. కాలేజీ కబుర్లు అడిగారు, కొత్త పిల్లలు చీటీల ఆట ఆడుతున్నారా అని అడిగారు. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"పెద్దిరాజు దగ్గరికి ఎప్పుడైనా వెళ్ళావా?"

"లేదండి. వెళ్తానండి."

"వెళ్ళు. నాకోసం కాదు."

పేపర్లు దిద్దే పని ఉంది, అది కాగానే వెళ్దామనుకున్నాను. మళ్ళీ అదే. వచ్చాక చేద్దాంలే. పదకొండు రోజులకి మేడం పోయారు. ఇంకా సగం పేపర్లు మిగిలే ఉన్నాయి.

పెద్దిరాజుని వెతుక్కుంటూ వెళ్ళింది ఆ తరవాత ఎనిమిది నెలలకి. ఆ ఆసామి దగ్గర ఎప్పుడో మానేశాడు. వేరే లంకలో ఎవరిదో చిన్న చెరువు చూస్తున్నాడు. గట్టు మీద పాకముందు కూర్చుని తవుడూ వేరుశనగ చెక్కా తడిపి మేత కలుపుతున్నాడు. తల నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. నిలబడే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. తువ్వాలు ఆపింది నేనని, సరిచేశానని మేడంతో అబద్ధమాడింది నేనని, ఆ రోజు అందరి ముందూ నోరు మూసుకున్నది కూడా నేనేనని.

ఆయన చేతులు మేతలోనే ఆగిపోయాయి.

"మరి ఆ మేడంగారు తనే అన్నారు కదండీ?"

"నన్ను కాపాడ్డానికి అన్నారు."

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆవిడ రెండుసార్లు వచ్చేరండి మా ఇంటికి. ఆ ఏసంగిలో ఒకసారి, తరవాత ఇంకోసారి. మండుటెండలో కైకలూరు నించి ఆటో దిగి నడిచొచ్చేరు. క్షమించు పెద్దిరాజూ, నువ్వు నమ్మి వెళ్ళావు, మేం నిలబెట్టుకోలేదన్నారండి. నాకు కడుపు మండిపోయిందండి. నాతో ఒక మాటన్నా చెప్పకుండా ఆపేసిందే అని. గుమ్మంలో నిలబెట్టి పంపేసేనండి. మంచినీళ్ళన్నా ఇవ్వలేదండి. అడిగేరు కూడానండి. దాహంగా ఉందన్నారు. లేవన్నాను."

నేను ఏడ్చాను. ఆవిడ నాకోసం తప్పు మీద వేసుకున్నారని మాత్రమే అన్నేళ్ళూ అనుకున్నాను. దాన్ని మోసుకుంటూ ఎండలో నడిచి వెళ్ళి, నీళ్ళు లేవనిపించుకుని వెనక్కి వచ్చారని నాకు తెలియదు. ఒక్క మాట చెప్పలేదు. నేను వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే రెండోసారి ఆ గుమ్మంలో ఆవిడకి పీట వేసేవారు. చెప్పడానికి నాకు ఏడేళ్ళ టైము దొరికింది.

"ఇప్పుడెలా ఉన్నారండీ ఆవిడ?" అన్నాడు.

చెప్పాను.

పెద్దిరాజు లేచి పాకలోకి వెళ్ళాడు. చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు.

"తాగండి. ఆవిడకెలాగూ ఇవ్వలేకపోయేను."

రెండు చేతులా ఎత్తి తాగాను. చెంబుకంతా తడి తవుడు వాసన.

ప్రతి ఏడూ కొత్త బ్యాచ్‌కి మొదటి పాఠంలో మూడు అరలు గీస్తాను. వాటి పైన గట్టు గడి గీసి, దాన్ని ఒకసారి ఆపేసిన మనిషి కథ చెబుతాను. ఆ మనిషి పేరు పద్మ అని, అది నేనేనని కూడా చెబుతాను. తరవాత చీటీల ఆట మొదలుపెడతాం. వాన వెలిసిన రోజుల్లో మిల్లు దాటేటప్పుడు దాహం వేస్తుంది. బాటిల్ మూత తీసి, మొదటి గుక్క తాగేముందు కాసేపు ఆగుతాను.